అరవై నాలుగులో ఎనిమిది

పొద్దున్న తొమ్మిదిన్నరకి తలుపు తోసుకుని వచ్చిన ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"సాయంత్రం ఐదింటికల్లా మా యాప్‌ని ఆపేస్తారట మాస్టారూ!" అంది.

ఆ డిటెక్టివ్‌ని అందరూ మాస్టారనే పిలుస్తారు గానీ ఆయన ఏనాడూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. పాతికేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, అక్షరాల్లో తప్పులు పట్టిన కళ్ళతోనే మనుషుల్లో తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. ఆయన అసిస్టెంటు, ఒకప్పటి కోర్టు స్టెనో, పెన్సిలు తీసింది. ఆవిడ దృష్టిలో మాస్టారికి తెలియనిది లేదు. ఆయనకి ఫోన్లో అలారం పెట్టుకోవడం రాదన్న సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పదు.

వచ్చినావిడది చిన్న కంపెనీ. ఆవిడ, ఆవిడ మరిది, సొంత తమ్ముడు, అంతే. వాళ్ళ యాప్ మందులు వేసుకునే వేళకి ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది. చూపు సరిగా ఆనని నలభై వేలమంది దాన్ని నమ్ముకున్నారు. మొదట్లో ఒక పెద్ద యాప్ స్టోరు ద్వారానే ఇచ్చేవారు. ఆరు నెలలుగా సొంత వెబ్‌సైటు నుంచి కూడా ఇస్తున్నారు. ఇప్పుడు ఇంకేదో సైటులో దాని నకిలీ తేలింది. అది రోగుల మందుల చీటీల్ని గుట్టుగా బయటికి పంపుతోంది. పైగా దాని మీద కంపెనీ అసలు సంతకమే ఉంది.

"సంతకమంటే?"

"ఇది మేం చేసిందేనని ఫోనుకి చెప్పే రహస్య ముద్రండీ. ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంటుంది. దానికి ఇంటర్నెట్ లేదు, బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఆ ముద్ర దొంగల చేతిలో పడలేదని రుజువు చెయ్యమంటున్నారు స్టోరువాళ్ళు. లేకపోతే అన్ని ఫోన్లలోనూ ఆపేస్తారట. రేపు పొద్దున్న వాళ్ళని మందులకి ఎవరు పిలుస్తారండీ?"

ఆఫీసంటే మూడు బల్లలు, ఒక ఇనప బీరువా. వీళ్ళు వెళ్ళేసరికి మరిదీ తమ్ముడూ కత్తులు నూరుకుంటున్నారు.

"మన యాప్ మనం ఇచ్చుకోడానికి స్టోరువాడి పర్మిషనేంటి? వాడి గుమ్మంలో ఎన్నాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతాం?" అన్నాడు మరిది.

"ఆ గుమ్మంలో కాపలా ఉంది బావా! నువ్వు తెరిచిన దొడ్డిదారిన ఎవడైనా దూరతాడని ఆరు నెలల్నించి మొత్తుకుంటున్నా. ఎవరు విన్నారు?" అన్నాడు తమ్ముడు. కంపెనీలో భద్రత చూసేది అతనే.

స్టెనో మరిది పేరు పక్కన నోట్‌బుక్‌లో ఒక చుక్క పెట్టింది.

మాస్టారు బీరువా చూశాడు. మూడు తాళాలు, తలా ఒకటి. రిజిస్టరు ప్రకారం దాన్ని ఆఖరిసారి తెరిచింది కిందటి నెల పన్నెండున, యాప్ కొత్త వెర్షనుకి సంతకం వెయ్యడానికి.

"ఆ రోజు ఏం చేశారో అలాగే చేసి చూపించండి," అన్నాడు.

తమ్ముడు పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఫైలు గుర్తు సంఖ్య లాప్‌టాప్ తెర మీద పడింది. అరవై నాలుగు అక్షరాలూ అంకెలూ కలిసిన బారెడు సంఖ్య అది. ఫైల్లో ఒక్క చుక్క మారినా సంఖ్య మొత్తం మారిపోతుందట. అసలు ఫైలు సంఖ్య ముందే రాసి ఉంచుకున్న కాగితం చూసి అక్క చదివింది. మరిది తెర చూసి "సరే" అన్నాడు. అతను అలా అన్నాకే సంతకం వేస్తారు.

"అయిపోయిందా? ఎనిమిదే చదివారేం?"

అక్క కాస్త సిగ్గుపడింది. "మొదటి నాలుగూ, చివరి నాలుగూ చూసుకుంటామండీ. అన్నీ చదివితే నోరు నొప్పెడుతుంది. ఆ రోజైతే రెండుసార్లు చదవాల్సొచ్చింది కూడాను. మొదటి సంతకం సరిగా పడలేదన్నాడు తమ్ముడు."

మాస్టారు నకిలీని తెరిపించాడు. దాని చివర అర్థం పర్థం లేని అక్షరాలు పేజీడు ఉన్నాయి.

"ఇదెందుకు?"

"దీనికి పనేం లేదు, చెత్త," అన్నాడు మరిది. "ఇంకో వింత చూడండి. చీటీలు పంపే చిరునామా అసలు లేనే లేదు. పంపినవి పంపినట్టే గాల్లో కలిసిపోతున్నాయి."

స్టెనో తాను పెట్టిన చుక్క వైపు అనుమానంగా చూసుకుంది.

మూడున్నరకి మాస్టారు అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, రెండు గుర్తు సంఖ్యల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి స్కేలు ఆనించాడు.

"అసలుదీ, నకిలీదీ. ఆ కొసన నాలుగూ ఈ కొసన నాలుగూ ఒకటే. మధ్యలో యాభై ఆరింటికీ పొంతన లేదు. మూడు తాళాల బీరువాని ఒక్కరే తెరవలేరు. అంటే నకిలీ మీద సంతకం పడింది మీ ముగ్గురి కళ్ళెదుటే. మొదటిసారి నకిలీకి, రెండోసారి అసలుదానికి. ఆ చెత్తని మారుస్తూ పోయి, ఎనిమిదీ కలిసేదాకా కంప్యూటరు చేత కోట్లసార్లు లెక్క కట్టించారు."

"ఎవరు?" అంది అక్క.

"మీ మరిది అయితే అంత తంటా అక్కర్లేదు. సంఖ్య కలవకపోయినా 'సరే' అంటే సరిపోయేది. మీరే అయితే నకిలీ సంఖ్య కాగితమే తెచ్చుకుని చదివేవారు. మీ ఇద్దరి కళ్ళూ కప్పాల్సినవాడు ఒక్కడే. పెన్‌డ్రైవ్ పట్టుకున్నవాడు. దొంగ మాత్రం కాదు. దొంగ సొత్తుని లేని చిరునామాకి పంపడు."

తమ్ముడు తలెత్తలేదు. "భయపడి ఆ దొడ్డిదారి మూసేస్తారనుకున్నానక్కా. స్టోరువాళ్ళు యాప్‌నే ఆపుతారనుకోలేదు. నేను చెప్పింది మాత్రం నిజమేగా!"

"నువ్వు వేయించిన సంతకం చూపిస్తే ఆ నకిలీని ఏ దారిలోనూ ఎవరూ ఆపేవారు కాదు నాయనా," అన్నాడు మాస్టారు. "కాపలావాడే తలుపు తీశాక గుమ్మం ఎవరిదైతేనేం?"

స్టెనో గబగబా రాసుకుంది. మాస్టారి మీద గౌరవంతో పాటు ఆ కుర్రాడి మీద జాలి కూడా కలిగింది ఆవిడకి.

అక్క వెంటనే స్టోరువాళ్ళకి ఉత్తరం రాసింది. ముద్ర బయటికి పోలేదు, నకిలీకి సంతకం ఎలా పడిందంటే ఇలాగ, ఎనిమిది మాత్రమే చదివిన తప్పు నాది అంటూ. అక్కడికి వచ్చి ఆగిపోయింది.

"నా పేరు రాయక్కా," అన్నాడు తమ్ముడు.

రాసింది. రెండు సంఖ్యలూ జత చేసి పంపింది. ఐదుకి ఎనిమిది నిమిషాలుండగా జవాబొచ్చింది. యాప్ ఉంటుంది, నకిలీని మాత్రమే ఆపుతారు. మరిది హమ్మయ్య అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

అక్క తమ్ముడి ముందు చెయ్యి చాపింది. అతను తన బీరువా తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు.

"రాత్రి అన్నానికి ఇంటికి రా," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. "ఇక్కడికి మాత్రం ఇంక రాకు."