ఉల్లిపొట్టు సంచి

నేను పోట్లాడడానికే మేడ మీదికి వెళ్ళాను. ఆరేసిన నా తెల్లచొక్కా మీద, పై తీగకు వేలాడే ఉన్ని కట్టల నుంచి పసుపు చుక్కలు కారాయి.

పక్క వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి పని అది. స్టవ్ మీద పెద్ద గిన్నె పెట్టి ఉన్ని ఉడికిస్తోంది.

"మీ రంగు నా చొక్కాకి అంటింది," అన్నాను కటువుగా.

ఆమె చొక్కా అందుకుని ఎండలోకి తిప్పి చూసింది. "ఎంత బాగా పట్టిందో చూడండి. అంతా ఉల్లిపొట్టు రంగే. కానీ మా ఇంట్లో వచ్చే పొట్టు ఏ మూలకీ చాలడం లేదు."

నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు. "మా ఇంట్లో బోలెడు. మేం ఉల్లిపాయలు తెగ తింటాం," అనేశాను.

నిజానికి ఆ వాసనే నాకు పడదు.

మర్నాటి నుంచి ఆఫీసుకి వెళ్ళేముందు కూరగాయల కొట్టు చిమ్మడం నా డ్యూటీ అయింది. కొట్టు బాబాయ్ ఆ షరతు మీదే పొట్టు ఇస్తానన్నాడు. సంచి తెచ్చిస్తే ఆమె చేయి బారుగా చాచి అందుకుని, రెండడుగులు వెనక్కి వేసేది. కబుర్లన్నీ గిన్నెకి అటువైపు నుంచే. నేను ఇటు తిరిగితే తను అటు తిరిగేది.

ఇరవై రోజులు ఓపిక పట్టి, ఒక పొద్దున ఖాళీ సంచితోనే మేడ మీదికి వెళ్ళాను.

"నేనంటే మీకు అసహ్యమా? చెప్పేయండి, రేపట్నుంచి రాను."

ఆమె నొచ్చుకుంది. "అయ్యో, అదేం లేదండీ. రోజూ అన్నేసి ఉల్లిపాయలు తినే మనిషి పక్కన నిలబడాలంటే కాస్త..."

అవతలి తీగ మీద బట్టలు ఆరేస్తున్న మా అమ్మ వెనక్కి తిరిగింది. "ఎవరు, వీడా? ఉల్లిపాయ తరిగిన కత్తి కూడా ముట్టుకోడమ్మా. మా ఇంట్లోకి ఉల్లిపాయ వచ్చి ఐదేళ్ళయింది. అవునుగానీ, పొద్దున్నే ఆ కొట్టెందుకు చిమ్ముతున్నావురా? ఉద్యోగం పోయి మాకు చెప్పట్లేదేమోనని నేనూ నాన్నా దిగులు పడి చస్తున్నాం."

గిన్నెలో గరిటె ఆగింది.

"కొట్టు చిమ్మారా?" అంది ఆమె.

"రోజూ. మీరంటే ఇష్టం కాబట్టి."

ఆమె స్టవ్ ఆపి, గిన్నె చుట్టూ తిరిగి ఇటువైపుకు వచ్చింది. పసుపెక్కిన ఆమె గోళ్ళని అంత దగ్గరగా చూడడం నాకదే మొదటిసారి. సంతోషంతో మాట రాలేదు.

అమ్మకి మాత్రం వచ్చింది. "ముందే చెప్తున్నానమ్మాయ్, మా ఇంట్లోకి ఉల్లిపాయ రాదు."

"పాయ రాకపోయినా ఫర్వాలేదు అత్తయ్యా, పొట్టు వస్తే చాలు."

నిన్నటిదాకా అమ్మని ఆంటీ అనేది.

అమ్మ ఖాళీ సంచి నా చేతిలో పెట్టింది. "ఇంకా నిలబడ్డావేంరా? కొట్టు తెరిచే వేళయింది."