తొమ్మిదో ప్రశ్నకు జవాబు

నాలుగో ప్రశ్న తెర మీదికి రాగానే ఏజెంట్ శ్రవణ్‌కుమార్ చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది.

'పురానాపూల్ ఇంటర్నెట్ సెంటర్‌లో, మూసీ వైపు కిటికీ పక్కన కూర్చున్న మనిషి చొక్కా రంగు ఏది?'

అతను మెల్లగా తల వంచి తన చొక్కా చూసుకున్నాడు. నీలం.

ముందు మూడు ప్రశ్నలూ మామూలువే. అన్నిటికన్నా ఎత్తయిన జలపాతం, పోలియో టీకా కనిపెట్టిన శాస్త్రవేత్త, మంగోలియా రాజధాని. రోజూ సాయంత్రం 'రోజుకు పది' అనే ఇంటర్నెట్ గ్రూపులో పది జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు వస్తాయి. దుబాయ్ నుంచి గుంటూరు దాకా ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో మారుపేర్లతో కూర్చుని జవాబులు కొడతారు. ముఖాలు తెలియవు, మార్కులు మాత్రం తెలుసు. అలాంటి చోట తన చొక్కా రంగు ఎవరికి కావాలి?

శ్రవణ్‌కుమార్ కిటికీ వైపు చూడలేదు. చూస్తే టైమ్ పోతుంది. బల్ల కింద సెల్‌ఫోన్ తీసి చీఫ్‌కి మెసేజ్ కొట్టాడు: 'ఆదివారం మీట్‌లో. చప్పట్లు కొట్టినప్పుడు.'

మెసేజ్ వెళ్ళింది. కిటికీ అద్దంలో చిన్న రంధ్రం పడింది.

గంట అయిపోయిందని చెప్పడానికి వచ్చిన సెంటర్ ఓనరు, అతను కునుకు తీస్తున్నాడనుకుని భుజం తట్టాడు. ఆ తర్వాతే తెర చూశాడు. నాలుగో ప్రశ్న కింద ఎవరో జవాబు పెట్టారు.

'నీలం. ఇప్పుడు ఎరుపు. — సర్వజ్ఞ.'

*

"పాత బెల్లం ఉన్నదా, అవ్వా?"

"వానలకు కరిగింది బిడ్డా. లోపలికొచ్చి చూసుకో."

ఛత్రినాకలో వాసవాంబ కిరాణా కొట్టుకు బెల్లం కోసం చాలామందే వస్తారు. ఈ జవాబు మాత్రం ఏజెంట్లకే దొరుకుతుంది. ఉదయశ్రీ ఐదేళ్ళ కూతురు శ్రీహితను గల్లా దగ్గర కూర్చోబెట్టి, కందిపప్పు బస్తాల వెనక ఉన్న గదిలోకి నడిచింది. చీఫ్ భరద్వాజ్ బియ్యం మూట మీద కూర్చుని ఉన్నాడు.

"శ్రవణ్ పోయాడు," అన్నాడు.

పోయిన నెల పాప పుట్టినరోజుకు బొమ్మ రైలు తెచ్చింది అతనే.

"ఆపరేషన్ చప్పట్లు," భరద్వాజ్ గొంతు మార్చకుండా మొదలుపెట్టాడు. "టార్గెట్ వెంకట్రావు. డిఫెన్స్ సైంటిస్ట్. మలక్‌పేటలో ఇల్లు. గ్రూపులో పేరు 'మున్నేరు'. ఆరు నెలలుగా వాళ్ళ ఛాంపియన్. ఆయన చేస్తున్న గైడెన్స్ సిస్టమ్ పూర్తికావడం ఒక విదేశీ ముఠాకు ఇష్టం లేదు. ఆదివారం ఆ గ్రూపువాళ్ళు మొదటిసారి ఎదురెదురుగా కలుస్తున్నారు. మలక్‌పేట ఫంక్షన్ హాల్. చంపేది అక్కడే. చంపేవాడు సర్వజ్ఞ. వాడి ముఖం ఎవరూ చూడలేదు."

"సారును ఇంట్ల కూసోబెట్టరాదుండ్రి?"

"చెప్పాను. 'వాళ్ళంతా నా స్నేహితులండీ' అంటాడు. పైగా సర్వజ్ఞ ఎక్కడికొస్తాడో మనకు ముందుగా తెలిసిన చోటు అదొక్కటే."

చివరి ప్రశ్న ఎప్పుడూ ఛాంపియన్‌కే వదలాలని ఆ గ్రూపు ఆనవాయితీ. ఛాంపియన్ జవాబు చెప్పగానే అందరూ 'చప్పట్లు' అని టైప్ చేస్తారు. ఆదివారం నిజంగానే కొడతారు. ఆ మోతలో సైలెన్సర్ పెట్టిన తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడదు.

"నెల నుంచి నువ్వు 'గోరింట' పేరుతో ఆడుతున్నావుగా. సర్వజ్ఞ గురించి ఏం చెప్పగలవు?"

"ఏం చెప్పాలె సార్. పదో తరగతి కాడ బడి బందు చేసినదాన్ని. రోజూ నాదే ఆఖరి నంబరు. నేను తప్పు కొట్టుడే ఆలస్యం, 'తప్పు' అనుకుంట దిగుతడు. సాలు గిట్ల, తారీఖు గిట్ల అన్నీ చెప్పి గని పోడు. వీనికంటె మా అత్తే నయం."

భరద్వాజ్ నవ్వలేదు. "లోపల మనకో మనిషి ఉంది. ప్రశ్నలడిగే సాహిత్య. దుబాయ్ నుంచి వస్తోంది. ముఠా దగ్గర జీతం తీసుకుంటుంది, మనకు కబుర్లు చెబుతుంది. తన నల్లద్దాలు ఎవరి టేబుల్ మీద పెడితే వాడే సర్వజ్ఞ."

"నమ్మొచ్చా?"

"నమ్మకూడదు. వాడుకోవాలి."

అతను చిన్న పెట్టె చేతిలో పెట్టాడు. బుట్టకమ్మల జత. కుడి కమ్మలో రిసీవర్, ఎడమ కమ్మలో మైక్. ఉదయశ్రీ వాటిని చూడటం లేదు. తలుపు సందులోంచి, గల్లా దగ్గర పుట్నాలు నములుతున్న కూతురిని చూస్తోంది.

"సార్, శ్రవణన్నను చంపే ముందల ప్రశ్న పెట్టిండ్రు. నా మీద కూడ పెడితే? నా మీదంటే నేను చూసుకుంట. పాప మీద పెడితే?"

భరద్వాజ్ నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి వాసవాంబ అందుకుంది.

"ఆదివారం నా కాడ ఇడిసిపో. ఈ కొట్టు మీద యాభై ఏండ్ల సంది కూసున్న. ఎవడు బెల్లానికొస్తడో, ఎవడు లొల్లికొస్తడో నాకెరుకనే. ఫికర్ చెయ్యకు."

*

ఆదివారం పొద్దున పాప పసుపురంగు ఫ్రాకే కావాలని పేచీ పెట్టింది. ఉదయశ్రీ అదే తొడిగి గుండీలు పెట్టింది.

"మాపు చేసినవనుకో, చూడు మరి."

"చెయ్యనమ్మా. ఒట్టు."

పుట్టిన దగ్గర్నుంచి ఏ ఫ్రాకూ పగలు పదకొండు దాటి దాని ఒంటి మీద నిలవలేదు. సిరా, మామిడి రసం, మట్టి, ఏదో ఒకటి. ఉదయశ్రీ దానికి ముద్దు పెట్టి, కొట్లో వదిలి, వెనక్కి తిరగకుండా ఆటో ఎక్కింది. తిరిగితే దిగిపోతానని ఆమెకు తెలుసు.

పన్నెండు కావస్తుండగా మలక్‌పేట ఫంక్షన్ హాల్లోకి ఒక రిటైర్డ్ టీచర్ నడిచి వచ్చింది. పౌడరు రాసి తెల్లబరిచిన జుట్టు, లావు కళ్ళద్దాలు, చెవులకు బుట్టకమ్మలు. ఛాతీ మీద బ్యాడ్జీ: 'గోరింట (రిటైర్డ్ టీచర్)'.

హాలంతా పండగలా ఉంది. 'బెబ్బులి' అనే పేరుగలాయన ఈతపుల్లంత సన్నగా ఉన్నాడు. 'చిన్నారి' బట్టతల తాతగారు. ఒకరినొకరు బ్యాడ్జీలు చదువుకుని కావలించుకుంటున్నారు. ఆ చేతుల్లో ఏవో రెండు, పురానాపూల్ కిటికీకి గురిపెట్టిన చేతులు. స్తంభం పక్కన వీడియో మనిషి స్టాండు మీద కెమెరా బిగించుకుంటున్నాడు. లైటు వెలుగులో అందరూ ఒకేలా నవ్వుతున్నారు.

"ఏవండీ గోరింట టీచర్‌గారూ!" మెడలో మఫ్లరుతో ఒక పెద్దాయన చేతులు జోడించాడు. వెంకట్రావు. "మొన్న మంగోలియా రాజధాని మంగళూరు అని రాసింది మీరేనా?"

"నేనేనండీ."

"మర్నాడంతా నవ్వుకున్నానమ్మా. ల్యాబులో అంత నవ్వు నవ్వి ఏళ్ళయింది. మీరు మానకుండా రావాలి."

ఇంత మంచివాణ్ణి కాపాడటం కష్టం అనుకుంది ఉదయశ్రీ. ఎవరినీ అనుమానించడు.

సాహిత్య వచ్చింది. ఆకుపచ్చ షిఫాన్ చీర, నల్లద్దాలు, హాలంతా కమ్ముకునే సెంటు. మైకు అందుకుని, నవ్వులు పంచుతూ టేబుళ్ళ మధ్య నడిచి, నాలుగో టేబుల్ మీద తన అద్దాలు మడిచి పెట్టింది. అక్కడ గుంటూరు బ్యాంకు గుమాస్తా ఒకడు ఉల్లిపాయ పకోడీలు తింటున్నాడు.

కుడి కమ్మలో భరద్వాజ్ గొంతు. "టేబుల్ నాలుగు. కన్ఫర్మ్ చెయ్."

ఉదయశ్రీ చూసింది. గుమాస్తా వేళ్ళు నాకుతున్నాడు. మళ్ళీ ప్లేటులో పెడుతున్నాడు.

"సార్, వీడు కాదు," అంది పెదవులు కదపకుండా. "వేళ్ళ నిండ నూనె. ఇంకొంచెం సేపట్ల తుపాకి పట్టేటోడు గిట్ల తింటడా?"

"అయితే ఎవరు?"

ఆమె జవాబిచ్చేలోపు కమ్మ గరగరలాడి మూగబోయింది. ఎవరో సిగ్నల్ కోసేశారు. తల ఎత్తితే సాహిత్య తన వైపే చూస్తోంది.

ప్రశ్నలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. ప్రతి జవాబుకూ కేరింతలు. ఉదయశ్రీ ఒక్కో ముఖం మీదా చూపు నిలుపుతూ వెళ్ళింది. ఎవరి ముఖం మీదా హంతకుడు కనపడలేదు.

"ఇప్పుడు తొమ్మిదో ప్రశ్న," అంది సాహిత్య తీయగా. "ఇది చాలా స్పెషల్. ఛత్రినాకలో ఒక కిరాణా కొట్టు. దాని ముందు ఐదేళ్ళ పాప ఆడుకుంటోంది. ఆ పాప ఫ్రాకు రంగు ఏది?"

హాలు ఘొల్లుమంది. 'చిన్నారి' తాతగారు "ఇదేం ప్రశ్నమ్మా, సిలబస్‌లో లేదే!" అని అరిచాడు.

ఉదయశ్రీకి ఆ నవ్వులు నీళ్ళ అడుగునుంచి విన్నట్టు వినిపించాయి. శ్రవణ్ చొక్కా. నీలం. ఇప్పుడు ఎరుపు. లేచి బయటికి పరుగెత్తాలి. లేస్తే వెంకట్రావు చస్తాడు. కూర్చుంటే...

"ఎవరికీ తెలీదా? గోరింట టీచర్‌గారికి కూడా?" సాహిత్య ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పింది. "జవాబు, పసుపు. కదలకుండా కూర్చున్నవాళ్ళకు మార్కులు పోవు."

పసుపు.

ఉదయశ్రీ గోడ గడియారం చూసింది. పన్నెండు దాటింది. ఈపాటికి ఆ ఫ్రాకు మీద కనీసం బెల్లం పాకమైనా పడి ఉండాలి. వాసవాంబ దాన్ని విప్పి తన మనవడి చొక్కా ఏదో తొడిగి ఉండాలి. ఇప్పుడు చూస్తున్నవాడెవడూ పసుపు అనడు. అంటే వీళ్ళు పొద్దున చూశారు. పొద్దుటి రంగుతో ఇప్పుడు బెదిరిస్తున్నారు. పాప దగ్గర ఎవరూ లేరు.

లేరు. ఉండకూడదు. తల్లిగా ఐదేళ్ళలో ఆమె నేర్చుకున్న జనరల్ నాలెడ్జ్ అంతా ఆ ఒక్క మాట మీద పెట్టింది. కదలకుండా కూర్చుంది, కానీ సాహిత్య కోరినందుకు కాదు.

"చివరి ప్రశ్న, మన ఛాంపియన్ మున్నేరుగారికి. హైదరాబాద్‌లో మూసీ మీద కట్టిన మొట్టమొదటి వంతెన ఏది?"

వెంకట్రావు నవ్వుతూ లేచి నిలబడ్డాడు. చుట్టూ అరచేతులు చప్పట్లకు సిద్ధంగా లేచాయి. ఆయన నోరు తెరిచాడు.

"చాదర్‌ఘాట్ వంతెన!" ఉదయశ్రీ గావుకేక పెట్టింది. "నిజాం నవాబు కట్టించిండు! నాకు పక్కాగ తెలుసు!"

ఎత్తిన చేతులు గాల్లోనే ఆగాయి. ఒక్కసారిగా నవ్వులు. ఎవరో "అయ్యో టీచరమ్మా!" అన్నారు. చప్పట్లు మాత్రం మోగలేదు.

ఆ నవ్వుల మధ్య స్తంభం పక్కనుంచి ఒక గొంతు, పళ్ళు కొరుకుతున్నట్టు, తనలో తాను అనుకుంటున్నట్టు వినిపించింది.

"తప్పు. పురానాపూల్. పదిహేను వందల డెబ్బై ఎనిమిది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా."

వీడియో మనిషి.

అన్న మరుక్షణం వాడికీ తెలిసింది ఏం చేశాడో. ముఖం పాలిపోయింది. ఉదయశ్రీ వాడి ముఖాన్ని కాదు, కెమెరాను చూసింది. రికార్డింగ్ దీపం వెలగడం లేదు. లెన్సు నల్లటి గొట్టంలా వెంకట్రావు గుండెకు ఎదురుగా ఉంది. చప్పట్లతో ఇక పనిలేదు. వాడి వేలు మీట మీద బిగుస్తోంది.

ముసలి టీచరు టేబుల్ మీంచి దూకింది. ఆమె కాలు కెమెరా స్టాండుకు తగిలిన క్షణమే 'ఫుట్' మని చప్పుడయింది. స్వాగతం బ్యానరులో సున్నా మధ్యలోంచి పొగ లేచింది. వెంకట్రావు ఇంకా నిలబడే ఉన్నాడు.

వాడు రెండోసారి మీట అందుకోబోయాడు. ఉదయశ్రీ మైకు వైరు వాడి మెడకు చుట్టి మోకాలితో నేలకు నొక్కింది.

"రోజూ నా తప్పులు దిద్దినవ్ గద," అంది రొప్పుతూ. "ఇగో, గురుదక్షిణ."

గేటు దాటబోయిన సాహిత్యను మిరపకాయ బజ్జీల బండివాడు ఆపాడు. ఆ వేషంలో ఉన్నది భరద్వాజ్. బేడీలు వేస్తుంటే కూడా ఆమె నవ్వు చెరగలేదు. ఉదయశ్రీ దాటి వెళుతుంటే మెల్లగా అంది.

"జవాబు పసుపే, డియర్. వెళ్ళి చూసుకో."

*

ఆటో ఛత్రినాక మలుపు తిరిగి ఆగకముందే ఉదయశ్రీ కిందికి దూకింది.

కొట్టు ముందు అరుగు మీద శ్రీహిత కూర్చుని ఉంది. పసుపురంగు ఫ్రాకులో. ఒక్క మరక లేదు. గుండీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"చూసినవా అమ్మా? ఒట్టేసిన గద. మాపు చెయ్యలే."

ఉదయశ్రీ పాపను గట్టిగా హత్తుకుంది. అంటే వాళ్ళు పొద్దున కాదు, అప్పుడే చూసి ఉండొచ్చు. అక్కడే ఉండి ఉండొచ్చు. తను పందెం కాసింది తప్పు జవాబు మీద.

"అవ్వా," పాపను వదలకుండానే అడిగింది. "ఎవరన్న వచ్చిండ్రా?"

"వచ్చిండు ఒకడు," వాసవాంబ తూకం రాళ్ళు సర్దుతూ అంది. "మస్తు సేపు ఫోన్ల గుసగుసలాడుకుంట నిలవడ్డడు. అటెన్క పాపకు చాక్లెట్ ఇయ్యబోయిండు. నేను కొట్టు పెట్టుకుని కూసున్నంక, నా ముంగట ఇంకొకని చాక్లెట్ ఏంది? గోదాంల మంచి బెల్లమున్నది, చూడు బాపు అన్న. లోపలికి పోయిండు. తాళమేసిన."

"ఏ గోదాం?"

"ఎండు మిరపకాయలది."

కొట్టు వెనకనుంచి, ఆగకుండా, తుమ్ములు వినిపిస్తున్నాయి. తలుపు తీసి చూస్తే వాడి జేబులో సెల్‌ఫోన్, నిండుగా మందు ఎక్కించిన సిరంజి దొరికాయి. ఆ రోజు ఉదయశ్రీ పాపను చంక దించలేదు.

వారం తిరక్కుండా 'రోజుకు పది' మళ్ళీ మొదలైంది. ప్రశ్నలడిగే పని ఇప్పుడు వెంకట్రావుది. మొదటి ప్రశ్న, పాత అభిమానం కొద్దీ, మంగోలియా రాజధాని. ఉదయశ్రీ కూతురిని ఒళ్ళో పెట్టుకుని ధైర్యంగా 'మంగళూరు' అని కొట్టి చాలాసేపు ఎదురుచూసింది. తప్పు అన్నవాళ్ళు లేరు. అనేవాడు చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు, అక్కడ ఇంటర్నెట్ లేదు.