మంచు పట్టని చోటు

నవోమి తలుపు కొట్టలేదు, తోసుకుని వచ్చేసింది. సన్నీవేల్‌లోని ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మావాణ్ణి జైల్లో వేస్తారంటమ్మా! గ్రీన్‌కార్డ్ మీదున్నాడు. కేసు పడితే దేశం నుంచే పంపించేస్తారంట!"

ఆమె కొడుకు షాలోమ్ తాహో కొండల్లో ఒక స్కీ రిసార్టులో చైర్‌లిఫ్ట్ ఆపరేటర్. తాడుకు వేలాడే కుర్చీలు జనాన్ని కొండపైకి మోసుకొస్తాయి. పైన నిలబడి వాళ్ళని దించడం, ఎవరైనా దిగలేకపోతే బటన్ నొక్కి లిఫ్ట్ ఆపడం అతని పని. నిన్న కృతి అనే కాలేజీ పిల్ల బ్యాగు కుర్చీకి చిక్కుకుంది. లిఫ్ట్ ఆగలేదు. కుర్చీ పెద్ద చక్రాన్ని చుట్టి లోయవైపు తిరిగింది. బ్యాగు పట్టీ తెగింది. పిల్ల కింద రాళ్ళ మీద పడి చచ్చిపోయింది.

"ఫోన్ చూస్తున్నా, తప్పు నాదే అని పోలీసులకి చెప్పాడు," అంది నవోమి. "వాడి ఫోన్ పగిలి, పోయినవారం నుంచీ మా ఇంట్లోనే ఉందమ్మా!"

డిటెక్టివ్ జయంతి లేచి కోటు తీసుకుంది. అసిస్టెంట్ నీరజ్ కార్ తాళాలు అందుకున్నాడు. మేడమ్ కోటు తీసిందంటే కేసు సగం తేలిపోయినట్టేనని అతని నమ్మకం.

కొండ మీద ఎండ లేదు, గాలి లేదు. ప్రమాదానికి ముందురాత్రి కమ్మిన పొగమంచు ప్రతి వస్తువు మీదా తెల్లగా గడ్డకట్టి అలాగే ఉంది. లిఫ్ట్ సూపర్‌వైజర్ ప్రేమానందం వాళ్ళని పైకి తీసుకెళ్ళాడు. నవోమి వాళ్ళ తెలుగు చర్చిలో పెద్దమనిషి. షాలోమ్‌కి ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే.

"ఇక్కడ పనికి ఎంతమంది?" అడిగింది జయంతి.

"ఇద్దరుండాలండి. ఈ సీజన్లో ఒకడే. మంచు ఎత్తేదీ వాడే, జనాన్ని దించేదీ వాడే."

"బటన్?"

"అదిగో, ఆ గదిలో."

"మంచు ఎత్తేవాడు బయటుంటే, బటన్ ఎవరు నొక్కుతారు? మీ ఏసుప్రభువా?"

ప్రేమానందం గేటు వైపు నడిచాడు.

దిగేచోటు దాటాక అడ్డంగా ఉన్న కడ్డీయే ఆ గేటు. దిగనివాళ్ళ కాళ్ళు తగిలి అది వాలితే, మనిషితో పని లేకుండా లిఫ్ట్ దానంతటదే ఆగిపోతుంది.

"మరి నిన్న?"

"గేటు బాగానే ఉందండి. భయంతో కాళ్ళు పైకెత్తుకునుంటుంది పాపం. ముందు పైకొచ్చి చూసింది నేనేగా. షాలోమ్ అప్పటికే పాప దగ్గరికి దిగిపోయాడు."

జయంతి కడ్డీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నీరజ్, ఫోటో తియ్యి."

కడ్డీ మొదట్లో మంచు పట్టని చార ఒకటి, రెండు వేళ్ళ వెడల్పు. పక్క స్తంభం మీద అదే ఎత్తులో అలాంటిదే. మిగతాదంతా తెలుపు. గది గోడవార, దారి గుర్తుకు మంచులో పాతే వెదురు కర్రల మోపులున్నాయి. అన్నిటికీ నారింజరంగు రబ్బరు పట్టీలు, ఒక్కదానికి మాత్రం పురికొస. నీరజ్ అన్నీ తీశాడు, ఒక్కటీ అర్థం కాలేదు.

సాయంత్రం రిసార్టు హాల్లో జయంతి అందరినీ కూర్చోబెట్టింది. తెల్లతోలు మేనేజర్, ప్రేమానందం, షాలోమ్, నవోమి. ఒక మూల కృతి తండ్రి శ్యామ్‌సుందర్, కూతురి టోపీ చేతిలో పట్టుకుని.

"మంచు పేరుకుంటే ఆ గేటు ఊరికే వాలిపోతుంది," అంది జయంతి. "వాలినప్పుడల్లా లిఫ్ట్ ఆగుతుంది. కింద క్యూ గోల. అందుకని రబ్బరు పట్టీతో కడ్డీని స్తంభానికి కట్టేశారు. రాత్రి మంచు పట్టీ కింద తప్ప అంతటా పట్టింది. పాప కాళ్ళు కడ్డీకి తగిలాయి, కడ్డీ వాలలేదు. పాప పడ్డాక పట్టీ మాయమైంది. ముందు పైకెళ్ళింది ఎవరు? ఏ మోపు నుంచి తీసిన పట్టీ? దాని బదులు ఆ మోపుకి పురికొస చుట్టింది మీరే కదా, ప్రేమానందంగారూ!"

ప్రేమానందం లేచి నిలబడ్డాడు. "లిఫ్ట్ ఆగిన ప్రతిసారీ రేడియోలో అరుపులేనమ్మా. గేటు సంగతి చూడు, లేకపోతే ఇంటికెళ్ళు అన్నారు." మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ గోళ్ళు చూసుకుంటున్నాడు. కట్టెయ్యమని ఎవడూ నోటితో అనడు మరి. పైవాడు ఎప్పుడూ సంగతి చూడమనే అంటాడు.

"ఎందుకురా అబద్ధం చెప్పావ్?" కొడుకు చొక్కా పట్టుకుంది నవోమి.

"ప్రేమానందం అంకుల్ చెప్పమన్నాడు మమ్మీ. ఫోన్ అని చెప్తే జస్ట్ వార్నింగ్ ఇస్తారు, గేట్ అంటే అందరి జాబ్స్ పోతాయ్ అన్నాడు. అంకుల్‌కి నో ఎలా చెప్తాం?"

మేడమ్ గెలిచిందని నీరజ్ గుండె పొంగింది.

అప్పుడు శ్యామ్‌సుందర్ నోరు విప్పాడు. "ఆ పట్టీ సంగతి నీకు ముందే తెలుసా బాబూ?"

షాలోమ్ తల ఎత్తలేదు. "రోజూ చూసేవాణ్ణి అంకుల్. లిఫ్ట్స్‌లో అందరికీ తెలుసు."

శ్యామ్‌సుందర్ తిట్టలేదు. టోపీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత జరిగింది చకచకా జరిగింది. ప్రేమానందాన్ని పీకేశారు. తెలిసి చెప్పలేదని షాలోమ్‌నీ పీకేశారు. కేసు ఇద్దరి మీదా పడింది. మేనేజర్ సంతాపం చెప్పి, పూలు పంపాడు. డిటెక్టివ్ నిజం తేల్చింది. ఆ నిజం కిందివాళ్ళిద్దరి మెడకీ చుట్టుకుంది, పైకి ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

శనివారం షాలోమ్ మంచం ఖాళీ చెయ్యాలి. ఉద్యోగంతో పాటే రిసార్టు ఇచ్చిన గదీ పోయింది. సాయానికొచ్చిన జయంతి, సామాను కార్లో పెట్టాక లిఫ్ట్ వైపు నడిచింది. లిఫ్ట్ మళ్ళీ తిరుగుతోంది. కింద క్యూ, నవ్వులు. నీరజ్‌తో కుర్చీ ఎక్కింది.

పైన ఒక్కతే అమ్మాయి, చేతిలో పార. చేయందించి దించింది, నవ్వింది. బటన్ ఉన్న గదిలో ఎవరూ లేరు.

నీరజ్ కడ్డీ వైపు చూశాడు. స్తంభానికి బిగించి కట్టి ఉంది. ఈసారి పట్టీ రంగు నీలం.

"ఫోటో తియ్యనా మేడమ్?"

జయంతి ఆ అమ్మాయి వైపు చూసింది.

"తియ్యి," అంది. "ఎవరికి చూపిస్తావో అది కూడా చెప్పు."