పదహారుకీ పద్దెనిమిదికీ మధ్య

నేను దర్జీని. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే జరిగింది విన్నవాళ్ళు మొదట అడిగేది "కంప్యూటరు చదువు చదివావా?" అని. చదవలేదు. ప్యాంట్ల పొడవు తగ్గిస్తాను, జిప్పులు మారుస్తాను, లావెక్కినవాళ్ళ చొక్కాలకు పక్కకుట్లు విప్పి వదులు చేసి, "ఉతుకులో బట్ట ముడుచుకుపోయిందండీ" అని వాళ్ళ పరువు కాపాడతాను. గుడ్డ మీద సుద్దతో గీసే చేతికి మ్యాపు మీద ఇల్లు గీయడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.

గీయడం మొదలుపెట్టింది మాత్రం మా అన్నయ్య కోసం. అన్నయ్య అంబులెన్సు డ్రైవరు. రెండేళ్ళ కిందట ఒక పెద్దాయనకు గుండెనొప్పి అని ఫోనొస్తే, ఇంటి నంబరు చేతిలో ఉండి కూడా ఇల్లు దొరక్క ఆ సందుల్లోనే పదకొండు నిమిషాలు తిరిగాడు. దొరికేసరికి ఆయన పోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా గంటసేపు మెట్ల మీదే కూర్చున్నాడు. చివరికి వదినే వచ్చి విప్పింది. మర్నాటి నుంచే నేను మ్యాపు పని నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆ మ్యాపు ఏ కంపెనీదీ కాదు. నాలాంటివాళ్ళు తీరిక దొరికినప్పుడు వీధులూ ఇళ్ళూ గీసి పెడతారు, ఎవరైనా వాడుకోవచ్చు. అన్నయ్య బండిలోని ట్యాబ్ కూడా అదే వాడుతుంది, గంటకోసారి కొత్తది తెచ్చుకుంటుంది. మా ఊళ్ళో గీసేవాళ్ళం ఆరుగురం. మా అందరికీ పెద్దదిక్కు గొలుసు మాస్టారు. ఆయన సర్వేయరుగా రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గొలుసు పట్టుకుని నేల కొలిచారు కాబట్టి ఆ పేరు. ఆయన ముందు నవ్వినా కొలిచి నవ్వాలి.

పోయిన చలికాలంలో సర్కారువాళ్ళు ఊళ్ళోని ప్రతి భవనం ఆకారాన్నీ ప్రతి ఇంటి నంబరునీ ఒక ఫైల్లో పెట్టి, కావలసినవాళ్ళు తీసుకోండి అన్నారు. మేం ఎగిరి గంతేశాం. మాస్టారు మాత్రం ఎగరలేదు. "సర్కారు ఫైల్లో కూలిపోయిన ఇళ్ళుంటాయి, కట్టని ఇళ్ళుంటాయి. దాన్ని తెచ్చి ఒక్కసారిగా మన మ్యాపులో గుమ్మరించేది లేదు" అన్నారు. ఊరిని గళ్ళుగా కోశారు. ఒక్కొక్కరం ఒక్కో గడి తీసుకోవాలి. ఫైల్లోని ప్రతి ఇంటినీ ఆకాశం నుంచి తీసిన ఫొటోతో పోల్చి చూడాలి. సరిపోతే 'ఒప్పుకో' నొక్కాలి. అనుమానమొస్తే 'పక్కన పెట్టు' నొక్కాలి. పక్కన పెట్టినవాటిని ఎవరో ఒకరు నడిచి వెళ్ళి కళ్ళారా చూసి రావాలి. లేని ఇంటికి 'ఒప్పుకో' నొక్కినట్టు తేలితే ఆ గడి మొత్తాన్నీ వెనక్కి తీసేస్తారు. అదీ తప్పు చేసినవాళ్ళు కాదు, వేరే మనిషి తీయాలి.

అది జరిగిన రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు పట్టింది. కుట్టుమిషను పక్కనే కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాను. నా గడిలో రెండువందల పన్నెండు ఇళ్ళు. నాలుగయ్యేసరికి ఒక్కటి మిగిలింది. ఒక సన్నటి సందులో పదిహేడో నంబరు. ఫైల్లో నలుచదరంగా ముచ్చటగా ఉంది. ఫొటోలో చూస్తే పదహారుకీ పద్దెనిమిదికీ మధ్య గుబురుగా ఒక చెట్టు కొమ్మ. ఇంకేం కనబడదు.

పక్కన పెట్టాలి. అది తెలుసు. కానీ సగం కుట్టిన బట్ట మిషను మీద వదిలేసి లేవడం నాకు చేతకాదు. చెట్టు కింద ఇల్లుండే ఉంటుంది, లేకపోతే నంబరెందుకు ఇస్తారు అనుకున్నాను. 'ఒప్పుకో' నొక్కేశాను. గడి మొత్తం ఆకుపచ్చగా మారింది. నా అంత పనిమంతురాలు లేదని మురిసిపోయి టీ పెట్టుకున్నాను.

టీ సగం తాగానో లేదో మనసు పీకడం మొదలైంది. మాలో ఒకాయన ఆ సందులో నడుస్తూ తీసిన ఫొటోలు ఉండాలి, వెతికాను. పదహారు ఉంది. పద్దెనిమిది ఉంది. రెంటికీ మధ్య ఉమ్మడి గోడ. చెట్టు పద్దెనిమిది పెరట్లోంచి ఆ గోడ మీదికి వంగింది. ఇల్లు కాదు కదా, చెయ్యి పట్టే సందు కూడా లేదు.

సిగ్గు చంపుకుని మాస్టారుకి ఫోన్ చేశాను.

"చూసి ఒప్పుకున్నావా అమ్మాయ్, ఊహించి ఒప్పుకున్నావా?"

"ఊహించానండీ."

"బయట ఉన్నాను. ఇంటికెళ్ళగానే గడి వెనక్కి తీసేస్తా. నువ్వు ముట్టుకోకు" అన్నారు.

అయిదున్నరకు అన్నయ్య ఫోన్. వెనక సైరను, వైపర్ల చప్పుడు.

"ఏమే కత్తెరా! నీ మ్యాపు పుణ్యమా అని ఇవాళ ఒక్క మలుపు కూడా తప్పలేదు. ఎవరో పెద్దావిడట, ఊపిరాడటం లేదని ఫోను. పొద్దున్నయితే ఈ నంబరు అసలు దొరికేదే కాదు."

"ఏ నంబరు అన్నయ్యా?"

"పదిహేడు."

"ఆ ఇల్లు లేదు! నేను తప్పు చేశాను. పదహారులో అడుగు, పద్దెనిమిదిలో అడుగు..."

"లేకపోవడమేంటే? ఎదురుగా కనబడుతుంటే." బండి ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడు. "ఇంటి తలుపు తీసి ఉంది, లోపల లైటు కూడా వెలుగుతోంది. ఫోను జేబులో వేస్తున్నా, కట్ చెయ్యకు. రోడ్డు ఎక్కాక హాస్పిటల్‌కి దగ్గర దారి చెబుదువుగాని."

వంటింట్లోంచి వదిన వచ్చి నా మొహం చూసి ఆగిపోయింది. ఫోను స్పీకర్లో పెట్టాను. వర్షం చప్పుడు వినబడుతోంది. స్ట్రెచర్ చక్రాలు రాళ్ళ మీద గడగడలాడుతున్నాయి. పక్కన, బండిలో కూడా వెళ్ళే నర్సమ్మ గొంతు. తర్వాత వర్షం చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. లోపలికెళ్ళారు.

"అబ్బ, సున్నం వాసన" అంది నర్సమ్మ.

"ఇప్పుడే వేసినట్టున్నారు. గోడలు తడిగానే ఉన్నాయి." అన్నయ్య గొంతు బోలుగా వినబడింది. "ఇదేంటి... గదులే లేవు. కిటికీలు కూడా లేవే. ఒక్కటే హాలు."

సర్కారు ఫైల్లో ఇంటి చుట్టుకొలత మాత్రమే ఉంటుంది. లోపలి గోడలుండవు. కిటికీలుండవు. ఆ సంగతి నాకు గుర్తొచ్చింది.

"అన్నయ్యా, బయటికి రా!" అరిచాను. ఫోను జేబులో ఉంది, అన్నయ్యకు వినబడలేదు.

"అదిగో, ఆ చివర పడుకుని ఉన్నారు" అన్నాడు. "నర్సమ్మా, ఆక్సిజన్ సిలిండరు తీసుకురండి. నేను చూస్తుంటాను."

ఒక జత చెప్పులు దూరమయ్యాయి. అన్నయ్య బూట్లు ముందుకు నడిచాయి. చాలాసేపు నడిచాయి. ఆ ఇంటి పొడవు పద్దెనిమిది అడుగులు. మ్యాపులో నేను కొలిచాను. పద్దెనిమిది అడుగులకు అన్ని అడుగులు పడవు.

అప్పుడు ఫోన్లో ఒక గొంతు. చాలా నెమ్మదిగా, ఫోనుకు ఆనుకుని మాట్లాడినట్టు.

"అడ్రసు దొరికిందా, నాయనా?"

వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆ వెంటనే మాస్టారు గుర్తొచ్చారు. ఇంటికెళ్ళగానే తీసేస్తానన్నారు... అన్నయ్య లోపల ఉండగా.

వదిన ఫోను లాక్కుని ఆయనకు చేశాను. మోగుతోంది. ఎత్తరు. మళ్ళీ చేశాను. కంప్యూటర్లో మెసేజ్ కొట్టాను. 'మాస్టారూ ఆగండి. తీయకండి. దండం పెడతా.'

స్పీకర్లోంచి అన్నయ్య అంటున్నాడు, "భయపడకండమ్మా. నేను ఎత్తుతాను. నా మెడ చుట్టూ చెయ్యి వెయ్యండి."

కంప్యూటర్ తెర మీద మాస్టారి జవాబు వచ్చింది. 'అయిపోయిందమ్మా. ఇప్పుడే తీసేశాను.'

పదిహేడో నంబరు నలుచదరం మాయమైంది.

ఫోను కట్ కాలేదు. కానీ చప్పుడు పోయింది. శబ్దం తగ్గడం వేరు, ఇది వేరు. ఊపిరి లేదు, బట్టల రాపిడి లేదు. ఫోన్లో సెకన్లు మాత్రం నడుస్తున్నాయి. నలభై నిమిషాలు నడిచాయి. వదిన "ఏమండీ... ఏమండీ..." అని అందులోకి పిలుస్తూనే ఉంది.

నర్సమ్మ చెప్పింది ఇంతే. బండిలోంచి సిలిండరు దించుకుని వెనక్కి తిరిగింది. ఎదురుగా గోడ. బండి ఇంజను ఆడుతూనే ఉంది. పోలీసులు ఆమెను తిప్పి తిప్పి అడిగారు, అన్నయ్య స్నేహితులను అడిగారు. మేం పోరగా పోరగా పదహారువాళ్ళు గోడ పగలగొట్టనిచ్చారు. ఒకే ఒక్క ఇటుక మందం. అవతల పద్దెనిమిదివాళ్ళ పెరడు.

ఇల్లు మళ్ళీ మ్యాపులో పెట్టలేదా అంటారేమో. ఆ రాత్రే పెట్టబోయాం. సర్కారు ఫైలు మళ్ళీ తెరిస్తే అందులో పదహారు ఉంది, పద్దెనిమిది ఉంది. పదిహేడు లేదు. నేనే చేత్తో గీశాను. వదినా నేనూ తెల్లవారేదాకా ఆ సందులో నిలబడ్డాం. గోడ గోడలాగే ఉంది. మాస్టారు మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆయన నియమం ప్రకారమే చేశారు. నియమం తప్పింది నేను. ఆ మాట వదిన ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండును.

మూడు నెలలకు కొత్త ఫైలు విడుదలైంది. ఆ పొద్దున గడి తెరిచాను. పదహారు. పద్దెనిమిది. మధ్యలో పదిహేడు, ఒప్పుకోమంటూ మిణుకుమంటోంది.

వదిన నా కుర్చీ వెనక నిలబడి ఉంది. "అదేనా?"

"అదే."

"నొక్కు."

"ఒక్క నిమిషం వదినా."

ఆ ఇంటి ఆకారం నాకు కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. దానికి నాలుగు మూలలు. ఇప్పుడు ఎనిమిది ఉన్నాయి. వెనక గోడకు ఒక చిన్న ముక్క అతికి ఉంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఒక్క మనిషి పడుకుంటే నిండిపోయేంత చిన్న గది ఎవరూ కట్టుకోరు. అది వదినకు ఎలా చెప్పాలా అనుకుంటూ మౌసు మీంచి చెయ్యి తీశాను.

వదిన నా భుజం మీదుగా చెయ్యి చాపి తనే నొక్కేసింది.

ఆటోలో వెళుతూ మాస్టారుకి ఫోన్ చేశాను. "ఎవరినీ తీయనివ్వకండి. ప్రాణం పోయినా తీయనివ్వకండి" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. "కంప్యూటరు ముందే కూర్చుంటానమ్మా" అన్నారు.

సందు చివర ఆటో దిగాం. ఎండ కాస్తోంది. ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు. పదహారుకీ పద్దెనిమిదికీ మధ్య ఒక ఇల్లుంది. తలుపు తీసి ఉంది. తడి సున్నం వాసన సందు దాకా కొడుతోంది. దుప్పట్లు ఆరేసే ఆమె మాకేసి చూసింది కానీ ఆ ఇంటికేసి చూడలేదు.

"ఏమండీ!" వదిన గడప దగ్గర నిలబడి పిలిచింది.

"ఆఁ, ఒక్క నిమిషం!" అన్నయ్య గొంతే. విసుగూ లేదు, భయమూ లేదు. "పేషెంటును ఎత్తుతున్నా. బండి ఇంజను ఆపకండి."

ఆ గొంతు హాల్లోంచి రాలేదు. హాలు ఖాళీగా ఉంది. గొంతు వెనక గోడ లోపలి నుంచి వచ్చింది. ఆ గోడకు తలుపు లేదు.

"వదినా, లోపలికి వెళ్ళకు. గోడ పగలగొట్టేవాళ్ళని పిలుద్దాం. మాస్టారు కాపలా ఉన్నారు, ఇల్లు ఎక్కడికీ పోదు" అని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మూడు నెలలైందే!" అంది వదిన. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఒక్క అడుగు. గడప లోపలి నుంచి పిలిచి వస్తా. నువ్వు నా చెయ్యి వదలకు."

వదల్లేదు. ఆమె గడప దాటింది. నేను బయటే నిలబడి, ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, కుడి చేత్తో ఫోన్లో మ్యాపు తెరిచాను. ఎవరైనా తీసేస్తున్నారేమో చూద్దామని.

ఎవరూ తీయలేదు. ఇల్లు ఉంది. మూలలు లెక్కపెట్టాను.

పన్నెండు.