ఒకే బిల్డ్, రెండు నంబర్లు

కంపెనీలో చేరిన మొదటి వారమే యావోర్‌కు రలిత్సాతో పేచీ వచ్చింది. ఆమె లాప్‌టాప్ తెచ్చి అతని బల్ల మీద పెట్టి, "మీ సర్వర్ ఈ బిల్డ్‌ను రెండువందల పద్నాలుగు అంటోంది. నా స్క్రిప్టు రెండువందల తొమ్మిది అంటోంది. ఒక్క బిడ్డకు ఎన్ని పేర్లు పెడతారండీ?" అంది.

"మీ స్క్రిప్టే లెక్క తప్పిందేమో చూసుకోండి," అన్నాడు యావోర్.

"మీరు ఈ ఊరు రాకముందు నుంచీ అది లెక్కపెడుతోంది."

ప్లోవ్దివ్ నగరంలోని ఆ చిన్న కంపెనీ, కొట్లలో వాడే తూకం యంత్రాలకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎవరు కోడ్ మార్చినా సర్వర్ దాన్ని బిల్డ్ చేసి, అంటే యంత్రంలోకి ఎక్కించే రూపానికి తెచ్చి, ఒక నంబర్ వేస్తుంది. యంత్రం పెట్టె మీద అంటించే చీటీకి ఎక్కేది అదే. ఎలా బిల్డ్ చేయాలో చెప్పేది రలిత్సా రాసిన స్క్రిప్టు. అదీ తన లెక్క ప్రకారం సాఫ్ట్‌వేర్ లోపల ఇంకో నంబర్ రాస్తుంది. ఎవరి లెక్క వాళ్లదే. సర్వర్ చూసుకునే పని యావోర్‌ది.

ఆ రోజు తప్పు సర్వర్‌దేనని తేలింది. ఓడినవాళ్లు బానిత్సా, అదే ఆ ఊరి చీజ్ పొరల రొట్టె, తేవాలని రలిత్సా తీర్పు చెప్పింది. మర్నాడు యావోర్ వేడివేడిగా, చీజ్ కారుతున్న బానిత్సా తెచ్చాడు. తర్వాతి వారం ఆమె వంతయింది. నంబర్లు తేడా వచ్చినప్పుడల్లా ఆమె అతని బల్ల దగ్గరికి రావడం, ఇద్దరూ ఒకే స్క్రీన్ మీదికి వంగి వెతకడం, మర్నాడు కలిసి తినడం ఆనవాయితీ అయింది. ఆ మధ్యలో ఎక్కడో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

ఆమె స్క్రిప్టు చదువుతుంటే యావోర్‌కు ముచ్చటేసేది. ఒక మాట ఎక్కువుండదు, ఒక మాట తక్కువుండదు. ఆమె పెన్సిల్ చెవి వెనక దోపుకుని, కళ్లు చిట్లించిందంటే తప్పు ఇట్టే దొరికిపోయేది. ఈ పిల్ల ముందు నేనెంత అనుకునేవాడు. అలా అనుకోవడం అతనికి భలే బాగుండేది.

ఏప్రిల్లో ఒక వాన సాయంత్రం ఆమె ఉపాయం చెప్పింది.

"లెక్కపెట్టే పని ఒక్కరికే ఇద్దాం. సర్వరే నంబర్ వేసి, బిల్డ్ మొదలయ్యేటప్పుడే స్క్రిప్టు చేతిలో పెట్టాలి. స్క్రిప్టు సొంత లెక్క మానేసి, ఇచ్చింది రాసుకుంటుంది. ఇచ్చేవాళ్లు లేకపోతే, అంటే మన సొంత కంప్యూటర్లో నడిపితే, సున్నా రాస్తుంది. సున్నా ఉన్నది ఏ కొట్టుకూ వెళ్లదు."

ఇన్నాళ్ల తిప్పలను నాలుగు ముక్కల్లో తేల్చేసింది. పైగా తన స్క్రిప్టు పెత్తనాన్ని తానే వదులుకుంది. యావోర్ అబ్బురంగా ఆమెనే చూస్తుండిపోయాడు. మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. నంబర్లు కలిసిపోతే ఈమె ఇక నా దగ్గరికి ఎందుకొస్తుంది?

సర్వర్ వైపు మార్పు చేయాల్సింది అతనే. గంట పని. రేపన్నాడు, ఎల్లుండన్నాడు, సర్వర్‌కు ఒంట్లో బాగాలేదన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

ఇంతలో ఒక చీజ్ కొట్టు నుంచి ఫిర్యాదు వచ్చింది. రెండువందల ముప్ఫై నంబర్ బిల్డ్‌లో తూకం తప్పుతోందట. రలిత్సా ఆదివారమంతా కూర్చుని వెతికింది. సోమవారం గానీ తెలియలేదు, కొట్టువాళ్లు చెప్పింది చీటీ మీదున్న సర్వర్ నంబరని. ఆమె తవ్విపోసింది తన స్క్రిప్టు లెక్కలో అదే నంబరున్న వేరే బిల్డ్‌ను. శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

ఆమె వచ్చి యావోర్ ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"గంట పనిని ఇన్నాళ్లు ఎందుకు సాగదీశావు? నిజం చెప్పు."

యావోర్ అబద్ధం కోసం వెతికాడు. దొరకలేదు.

"నంబర్లు కలిస్తే నువ్వు నా బల్ల దగ్గరికి రావని. నువ్వంటే నాకు ఇష్టం, రలిత్సా. ఆ ఇష్టంతో నీ ఆదివారం పాడుచేశాను. తప్పు నాదే."

ఆమె చెవి వెనకున్న పెన్సిల్ తీసి అతని స్క్రీన్ వైపు చూపించింది. "ముందు ఆ పని చెయ్యి," అని వెళ్లిపోయింది.

చేశాడు. సాయంత్రానికి చీటీ మీదా, లోపలా ఒకే నంబర్ పడింది. అన్నీ సరిపోయాయన్నట్టు స్క్రీన్ అంతా పచ్చగా వెలిగింది గానీ అతనికి సంతోషం లేదు.

మర్నాడు తల వంచుకుని పని చేసుకుంటుంటే వేడి వెన్న వాసన వచ్చింది. రలిత్సా బానిత్సా పొట్లం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

యావోర్ కంగారుగా స్క్రీన్ వైపు తిరిగాడు. "మళ్లీ తేడా వచ్చిందా?"

"లేదు. రెండూ ఒకటే."

"మరి?"

ఆమె పెద్ద ముక్క తుంచి అతని వైపు జరిపింది.

"ఊరికే వచ్చాను," అంది.