ముద్ర లేని పూలు

పొద్దున్నే పొయ్యి మీద సోయా ముద్ద కలిపిన మిసో పులుసు మరుగుతోంది. కూతురు చినామి ఇంకా మేడ దిగలేదు. ఆర్ట్ కాలేజీలో మూడో ఏడు. సొంతంగా గీసిన మాంగా, అంటే బొమ్మల కథ, సాయంత్రం ఐదింటిలోగా అప్పగించకపోతే ఏడాదంతా వృథా.

సుమియె బల్ల తుడుస్తూ దాని మీదున్న పత్రిక తిరగేసింది. పోటీలో మొదటి బహుమతి కొట్టిన మాంగా అందులో వచ్చింది. గీసింది ర్యోహె, చినామి మనసిచ్చిన కుర్రాడు. మూడో పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. మూత విరిగిన కెటిల్, అంచు ఊడిన గట్టు, అన్నీ తన వంటింటివే. ఆ గీత తన కూతురిదే. పేరు మాత్రం ఎక్కడా లేదు.

"ఇదేమిటే?" మెట్లు దిగుతున్న కూతురి ముందు పత్రిక పడేసింది.

"వెనకాల బొమ్మలు నేను వేశాను. అయితే ఏమిటి?"

"మరి నీ పేజీలేవి?"

"పెన్సిల్‌తోనే ఉన్నాయి. ఇవ్వను. కాలేజీ మానేస్తున్నానమ్మా. ర్యోహెకి పత్రికలో మాంగా సీరియల్ గీసే అవకాశం దొరికింది. మధ్యాహ్నం బండికి ఇద్దరం టోక్యో వెళ్తున్నాం."

"మతి గానీ పోయిందా నీకు!" టీ తాగుతున్న తండ్రి కెన్‌జో అరిచాడు. పట్టు కిమోనోలకు రంగులద్దడంలో ఊళ్లో పెద్ద పేరున్న మనిషి. "వాడి నీడలో బతుకుతావా?"

"అమ్మ బతకట్లేదా?" చినామి కూడా గొంతు పెంచింది. "ముప్పై ఏళ్లుగా మీ కిమోనోల మీద పూలన్నీ అమ్మవే. కింద పేరు ముద్ర మాత్రం మీది. అమ్మ ఏనాడైనా బాధపడిందా? ప్రేమంటే అదేననుకున్నాను."

'నాకేం బాధ' అనే మాట సుమియె నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నేళ్లుగానో అలవాటైన మాట. ఈసారి బయటికి రాలేదు.

"బాధపడ్డానే. ప్రతి ప్రదర్శనలోనూ జనం ఆ పూలు చూసి మీ నాన్నకు వంగి నమస్కరిస్తుంటే, నేను వెనకాల చెప్పులు సర్దేదాన్ని. అవి నావని అరవాలనిపించేది. ఇంటికొచ్చి బియ్యం కడిగేదాన్ని. నిన్ను చూస్తూ చూస్తూ అలాగే పెంచాను."

"ఒక్కసారైనా నాతో చెప్పొచ్చుగా," అన్నాడు కెన్‌జో.

"ఒక్కసారైనా మీరు అడగొచ్చుగా."

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "నాకా పూలు వెయ్యడం రాదమ్మా చినామీ. ఎప్పుడూ రాలేదు." ఆ మాట ఆయన నోట ఇంకొకరి ముందు రావడం అదే మొదటిసారి.

చినామి ఫోన్ మోగింది. "బయల్దేరావా?" ర్యోహె గొంతు హుషారుగా వినిపించింది.

"సీరియల్ మొదటి పేజీలో నా పేరు కూడా వేయిస్తావా?"

"ఇప్పుడా గొడవెందుకు? మన మధ్య నీదీ నాదీ అని ఏముంది?"

"ఉంది," అని ఫోన్ పెట్టేసి, చినామి తల్లి భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుని మేడ మీది నుంచి పదహారు పేజీలూ పట్టుకొచ్చింది. "నేను సిరాతో గీతలు దిద్దుతాను. నువ్వు నలుపు నింపుతావా అమ్మా? టైమ్ లేదు."

సుమియె కుంచె అందుకుంది. "నా పేరెక్కడ రాస్తావో ముందు చూపించు."

కెన్‌జో సిరా సీసా మూత తీసి భార్య ముందు పెట్టాడు. చినామి చివరి పేజీ తీసి, తన పేరు కిందే తల్లి పేరు రాసింది. కళ్లలో నీళ్లు నిండి, సుమియె దాన్ని రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చింది.