ముప్పై నల్ల బెల్టులు

కొత్తవాడలో కరాటే మాస్టరు భాస్కర్ మొట్టమొదట దెబ్బ తిన్నది విమలమ్మ ఇంటి దర్వాజ చేతిలో. పొడుగు మనిషి వంగకుండా లోపలికి వచ్చాడు. పైపట్టె నెత్తికి ఠంగున తగిలింది.

"అయ్యో బిడ్డా, కండ్లు తిరుగుతున్నయా? వాంతి వచ్చేటట్టున్నదా?" అంటూ విమలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నెత్తికి దెబ్బ తగిలి మూడో రోజున మాట పడిపోయినవాళ్ళు ఆమెకు ముగ్గురు తెలుసు.

"ఏం కాలె పెద్దమ్మా. మీరు నవారు నేస్తరట కదా. కరాటే క్లాసుకు ముప్పై తెల్ల బెల్టులు కావాలె."

మగ్గం గుంటలో కూర్చున్న సరోజనకు నవ్వు ఆగలేదు. విమలమ్మకు ఒక్కగానొక్క కూతురు, పందొమ్మిదేళ్ళది. "కరాటే సార్లకు దర్వాజలను బ్లాక్ చేసుడు నేర్పరా?" అంది.

భాస్కర్ అటు తిరిగాడు. నుదురు రుద్దుకోవడం మరిచిపోయాడు. చెంబు తిరిగి ఇస్తూ, "నీళ్ళు చాలు అత్తా," అన్నాడు.

మూలన నూలు కండెలు చుడుతున్న మార్కండేయులు తలెత్తి చూశాడు. క్షణం కింద పెద్దమ్మ అయిన తన భార్య అంతలోనే అత్త ఎట్లా అయిందో ఆయనకు అర్థమైంది. పెద్దమ్మ బిడ్డ చెల్లె అవుతుంది మరి.

"మీ ఇంటిపేరేంది పిలగా?"

"కుసుమోల్లం. నర్సంపేట. తాత మగ్గం నేసిండు, నాయన విత్తనాల దుకాణం పెట్టిండు."

"మనోళ్ళే," అని మార్కండేయులు మళ్ళీ కండె తిప్పుకున్నాడు.

విమలమ్మ ఇదేమీ వినలేదు. ఆమె కరాటే అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఆ ఏడు వరంగల్‌కు కరాటే జ్వరం పట్టింది. సినిమా హాల్లోంచి బయటికొచ్చిన ప్రతి పిలగాడూ సైకిల్ స్టాండును ఒక తన్ను తన్ని, కుంటుకుంటూ ఇంటికి పోయేవాడు. ఇళ్ళ మీద ఉండాల్సిన పెంకులు మైదానాల్లో ముక్కలై పడుండేవి. ఎవరిని కదిలించినా ఏదో ఒక స్టైలు గురించి చెప్పేవారే.

"మా కాలంల తాలీంల కర్రసాము నేర్చినం. నేను కర్ర తిప్పుతుంటే మీద వాన చుక్క పడకపోయేది," అన్నాడు మార్కండేయులు.

"మరి మొన్న కుక్క ఎంటబడితె గట్లెందుకురికినవ్?" అంది విమలమ్మ.

"అప్పుడు చేతుల కర్ర లేకుండె."

పక్కింటి సోమక్క ఏ స్టైలునూ ఒప్పుకోలేదు. "కొంగుల కారంపొడి పొట్లం ఉంటె చాలు వదినె. ఎంత మొనగాడన్న కూలబడుతడు."

"గాలి మన దిక్కు కొడితే?" అడిగింది విమలమ్మ.

అసలు విమలమ్మ ప్రశ్నలకు జవాబున్న యుద్ధవిద్య జపానులో కూడా ఇంకా పుట్టలేదు.

అయినా సరోజన ఆడపిల్లల బ్యాచిలో చేరతానని పట్టుబట్టింది. "బస్టాండ్ల ఎవడన్న చెయ్యి పట్టుకుంటే ఎట్లనే అమ్మా?"

"వాడెవడో ఇరగ్గొడతడని ముందుగాల్నే నువ్వు పోయి ఇరగ్గొట్టుకుంటవా?"

చివరికి ఒక షరతు మీద ఒప్పందం కుదిరింది. తల్లి కూడా వస్తుంది. రోజూ సాయంత్రం విమలమ్మ పసుపు, గుడ్డ పీలికలు, జిందా తిలిస్మాత్ సీసా సంచిలో వేసుకుని మైదానం పక్కన కూర్చునేది. బయట రిక్షా ఒకటి దవాఖాన దిక్కు తిప్పి పెట్టించేది.

"దెబ్బ తగలని స్టైలేమన్న ఉన్నదా బిడ్డా?" అని ఒకరోజు భాస్కర్‌ను అడిగింది.

"ఉన్నదత్తా. దూరం నుంచి నమస్తె పెట్టి పక్క గల్లీలకెల్లి పోవుడు."

"గదే నేర్పు మా పిల్లకు."

కానీ ఆ పిల్ల నేర్చుకున్నది వేరు. మొదటి వారమే భాస్కర్ పిక్క మీద తన్నింది. మాస్టరు నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏడ నేర్చినవ్ ఈ కిక్కు?"

"మగ్గం తొక్కి తొక్కి."

"రేపు రెండో పిక్కను తన్ను. లేకుంటే దానికి చిన్నతనమైతది," అన్నాడు మెల్లగా. సరోజన తల వంచుకుంది గానీ నవ్వు దాచుకోలేదు. విమలమ్మ ఆ పిక్కకు పసుపు పెట్టి కట్టు కట్టింది. ఎముక చిట్లిందేమోనన్న భయంలో ఇంకేదీ ఆమె కంటపడలేదు.

నాలుగు నెలలు గడిచాయి. హైదరాబాదు నుంచి పెద్దసారు పరీక్ష పెట్టడానికి వస్తున్నాడన్నారు. ఆయన సరే అంటే క్లాసుకు గుర్తింపు వస్తుంది. లేదంటే భాస్కర్ నర్సంపేటకు పోయి విత్తనాల దుకాణంలో కూర్చోవాలి. తండ్రి అంతవరకే గడువిచ్చాడు. ఆ మాట విన్నప్పటి నుంచి సరోజన అన్నం కెలికి లేస్తోంది. కామెర్లేమోనని విమలమ్మ రెండుసార్లు కళ్ళు లాగి చూసింది.

పరీక్షకు రెండు రోజుల ముందు, ఉతికి తెమ్మని ముప్పై బెల్టులూ విమలమ్మకే ఇచ్చారు. సరోజన మడికొండలో మేనత్త ఇంటికి పోయింది. విమలమ్మ బెల్టులు ఉతికి దండెం మీద వేసింది. పైదండెం మీద జంపఖానాల ఎర్రనూలు ఆరుతోంది. ఆమె వంటింట్లో ఉండగా వాన దంచికొట్టింది. బయటికి వచ్చి చూసేసరికి ఎర్రరంగు కారి, తెల్ల బెల్టులన్నిటి మీదా మశూచి పోసినట్టు మచ్చలు.

నేతవాళ్ళ ఇళ్ళల్లో చెడిపోయిన రంగుకు ఒకటే మందు. నల్లరంగు గాబులో ముంచడం. ఏ తప్పయినా అందులో మాఫ్ అయిపోతుంది. విమలమ్మ ముప్పైటినీ ముంచి తీసింది. పైగా కొంత తృప్తి కూడా పడింది. తెల్లదైతే రోజూ మాస్తుంది. నల్లదైతే పది కాలాలు ఆగుతుంది.

ఆదివారం పొద్దున భాస్కర్ పెద్దసారును తీసుకురావడానికి స్టేషనుకు పోయాడు. విమలమ్మ మైదానంలో బెల్టులు పంచిపెట్టింది. మడికొండ నుంచి నేరుగా వచ్చిన సరోజన అప్పుడు గేటు దగ్గర ఉంది. పరుగెత్తుకొచ్చేసరికే అందరూ కట్టేసుకున్నారు.

"మన కష్టం ఇన్నాళ్ళకు గుర్తించిండ్రు," అన్నాడు కాంపౌండరు సాంబయ్య. చేరి అతనికి ఆరు వారాలు.

బ్యాంకు గుమాస్తా వెంకట్రాజం చేరి నెల. అతని నడకే మారిపోయింది. "విద్య లోపట నుంచి వస్తది, బెల్టు బయటి నుంచి వస్తది. మనకు బయటిది ముందు వచ్చింది, గంతే," అని ఉపదేశం మొదలుపెట్టాడు. సరోజన ఎంత బతిమాలినా ఒక్కరూ విప్పలేదు. మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు ఉరికి, చెమటలు కక్కుతూ వరుసలో నిలబడ్డారు.

పెద్దసారు వచ్చాడు. వరుస చివరి దాకా చూశాడు. తర్వాత భాస్కర్ నడుముకున్న ఆకుపచ్చ బెల్టు చూశాడు.

"ఈ నల్ల బెల్టు కట్టుకోవడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది. వీళ్ళకెన్నాళ్ళు పట్టింది?"

భాస్కర్ చూపు బెల్టుల మీంచి విమలమ్మ మోచేతుల దాకా పోయింది. అక్కడ నల్లరంగు ఇంకా వదల్లేదు.

"తప్పు నాదే సార్."

"బెల్టులు అమ్ముకుంటున్నావా? అయితే క్లాసు ఇవ్వాళ్టితో బంద్."

"అమ్మా, నల్లది పెద్ద గురువులు కట్టుకునేదే," అంది సరోజన.

తానేం చేసిందో విమలమ్మకు అప్పుడు తెలిసింది. మరుక్షణం ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నోరు మూసుకుంటే చాలు. పిలగాడు నర్సంపేట పోతాడు. తన్నులూ గుద్దులూ ఉండవు. కూతురి చేతులు కాళ్ళు భద్రంగా ఇంట్లో ఉంటాయి.

సరోజన ఏడవడం లేదు. భాస్కర్ దిక్కే చూస్తూ నిలబడింది. పాము, కుక్క, లారీ, కామెర్లు, పందొమ్మిదేళ్ళలో ఈ పిల్లకు ఏమేం కావచ్చునో విమలమ్మ అన్నిటికీ భయపడింది. ఇట్లా మాట లేకుండా నిలబడిపోతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఆమె లేచి వరుస ముందుకు నడిచింది. "సారూ, నల్లరంగు నేనేసిన. ఎర్రమచ్చలు పడితె ముంచిన. గీ పిలగానికి ఏం తెల్వది."

"మాస్టరును కాపాడాలని చెప్తున్నారు కదమ్మా."

"అబద్ధమైతె వాళ్ళ బెల్టులు విప్పిచ్చి చూడుండ్రి. తొందరల ఉప్పెయ్యలె, ఉడకబెట్టలె. గా రంగు చెమటకు నిలవది."

సాంబయ్య విప్పాడు. తెల్ల డ్రెస్సు మీద నడుం చుట్టూ బొగ్గుతో గీసినట్టు నల్లపట్టీ. వెంకట్రాజానికి ఛాతీ దాకా పాకింది. వరుస మొత్తం అట్లాగే తేలింది. పెద్దసారు చాలాసేపు పెదవి కొరుక్కుని, చివరికి ఆపుకోలేక నవ్వేశాడు.

"తీసి పక్కన పెట్టండి. బెల్టులు లేకుండానే పరీక్ష."

"ఫోటో దిగినంక తీస్తే నడుస్తదా సార్?" అడిగాడు వెంకట్రాజం.

మధ్యాహ్నానికి క్లాసుకు గుర్తింపు వచ్చింది. పరీక్షలో సరోజన నెగ్గింది. వెంకట్రాజాన్ని మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టమన్నారు.

ఇంటికి పోతుంటే చినుకులు మొదలయ్యాయి. తల్లీకూతుళ్ళు, భాస్కర్ ముగ్గురూ రోడ్డు పక్క రేకుల చూరు కింద ఆగారు.

"నా తప్పు నువ్వెందుకు మీదేసుకున్నవ్?" అడిగింది విమలమ్మ.

"నీ పేరు చెప్తే రేపటి సంది నువ్వు రావు. నువ్వు రాకుంటే సరోజనను రానియ్యవు."

"రాకుంటే నీకేం?"

భాస్కర్ వాన దిక్కు చూశాడు. "ముప్పై మంది ఉన్నరత్తా. నేను చూసేది ఒక్కల దిక్కే. మిగిలినోళ్ళకు ఏం రాకపోవుడు గందుకే."

"గా మాట నాతోని చెప్పెటందుకు నడుమ మా అమ్మ కావాల్నా?" అంది సరోజన, చూరు నీళ్ళకు అరచెయ్యి పట్టి.

"నీతోని చెప్పాల్నంటే భయం."

విమలమ్మ అతన్ని కొత్తగా చూసింది. "నీకు భయం గూడ ఉంటదా బిడ్డా?"

"మస్తుంటదత్తా."

ఆమెకు ప్రాణం కుదుటపడింది. భయమెరిగిన పిలగాడు. "వచ్చే ఐతారం మీ నాయనను తోల్కరా," అంది. సరోజన అరచేతిలో నీళ్ళు ఒలికిపోయాయి.

అంతలోనే విమలమ్మ మొహం మారింది. "ఐతారం దాక ఎందుకు? ఈ వానలకు వాగు పొంగితే? బస్సులు బందయితే? మీ నాయన ఇంకేడనన్న మాటిచ్చేస్తే? ఇయ్యాల్లనే పో."

నర్సంపేట బస్సు అప్పుడే మలుపు తిరిగి స్టేజీ దగ్గర ఆగింది. భాస్కర్ వానలోకి దూకాడు.

"మెల్లగ పో బిడ్డా, జారిపడ్తవ్," అని విమలమ్మ వెనకనుంచి కేకేసింది.

కండక్టరు విజిలు వేశాడు. బస్సు కదిలింది. విమలమ్మ కొంగు బిగించి రోడ్డు మీదికి వచ్చేసింది.

"ఉరుకు బిడ్డా, ఉరుకు."